గుర్రం మీద దొర, నిచ్చెన మీద నల్లమ్మ

మా ఊళ్లో గుర్రమెక్కిన మనిషి ఒక్కడే. వాడు కూడా సున్నపు గారతో చేసినవాడు.

బతికున్నప్పుడు శ్రీరంగప్ప దొర గుర్రం ఎక్కిన పాపాన పోలేదు. ఆయనకు మూలశంక. కూర్చోవాలంటే బూరుగుదూది పరుపు వెయ్యాలి, దాని మీద ఇంకో మెత్త వెయ్యాలి, అప్పుడు కూడా ఒక పక్కకు ఒరిగి, పళ్లు బిగబట్టి కూర్చునేవాడు. వజ్రకరూరుకు పోవాలన్నా, అనంతపురం కచేరీకి పోవాలన్నా ఎద్దులబండిలో బోర్లా పడుకునే పోయేవాడు. అట్లాంటి మనిషికి ఒకసారి బళ్లారి పోయి వచ్చాక బుద్ధి పుట్టింది. తోట నడిమధ్యలో తన బొమ్మ నిలబెట్టాలంట. గుర్రం మీద. కత్తి పైకెత్తి.

కంచుతో పోత పోయిస్తానని ముందు ఊరంతా చాటుకున్నాడు. కంచు ధర చెవిన పడ్డాక ఇటుకలకు, గారకు దిగాడు. గోపురాల మీద బొమ్మలు చేసే పనివాణ్ణి ఎక్కడినుంచో పిలిపించారు. ఆ పనివాడికి దేవుళ్లు వచ్చు, రాక్షసులు వచ్చు, గుర్రం చెయ్యాలంటే మాత్రం ఎదురుగా గుర్రం ఉండాలన్నాడు. దొర ఇంట్లో గుర్రం ఎక్కడిది? గుత్తి స్టేషను దగ్గర జట్కా లాగే గుర్రాన్ని ఒకదాన్ని తోలుకొచ్చి కట్టేశారు. తిండి లేక ఎండిన జీవం అది. పనివాడు చూసింది చూసినట్టు చేశాడు. అందుకే మా దొర గుర్రానికి పక్కటెముకలు బయటపడి, మెడ వాలిపోయి, ఇప్పుడో ఇంకాసేపటికో కూలబడేలా ఉండేది. దాని మీద దొర మాత్రం మీసం మెలేసి, ఢిల్లీ మీదికి దండెత్తి పోతున్నట్టు కూర్చుని ఉండేవాడు.

చూసి నవ్విన వాళ్లకు దెబ్బలు పడ్డాయని మా నాయన చెప్పేవాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. తోట ముందర పోయేటప్పుడు చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని పోవడం మొదలుపెట్టారు. దొర చచ్చిపోయాడు, తెల్లవాళ్లు పోయారు, దొరతనాలు పోయాయని అందరూ చెప్పుకున్నారు, మా ఊరివాళ్ల చెప్పులకు మాత్రం ఆ కబురు చేరలేదు. గారబొమ్మకు కళ్లు కనపడవని వాళ్లకు చెప్పేవాడెవడు? చెప్పినా వినే రకాలా?

దొర చచ్చినప్పుడు ఇంకో తమాషా జరిగింది. వాళ్ల ఇంట్లో కాల్చే ఆచారం. ఈయన మాత్రం నన్ను కాల్చొద్దు, నా గుర్రం కిందే పూడ్చండి అని చెప్పి పోయాడు. బతికున్నన్నాళ్లు ఊరి భూములన్నీ తొక్కిపెట్టాడు, చచ్చాక కూడా ఆరడుగులు వదలబుద్ధి కాలేదు. సరే, పూడ్చారు. పైన గుర్రం, కింద దొర. ఆయనకు గుర్రంతో కలిగిన దగ్గరితనం అదొక్కటే.

గారబొమ్మకు ఏటేటా మెరుగు పెట్టకపోతే ఎండకు బీటలిస్తుంది. దసరాకు ముందు గుర్రానికి సున్నం కొట్టాలి, దొర కోటుకు నీలం వెయ్యాలి, మొహానికీ చేతులకూ ముందు సున్నం, దాని మీద ఎర్రమన్ను పుయ్యాలి. ఆ పని బయమ్మది. బయమ్మ తర్వాత ఆమె కూతురు నల్లమ్మది. నేను చెప్పాలనుకున్నది ఈ నల్లమ్మ సంగతి. దొర సంగతి అడ్డమొచ్చింది, ఆయన ఎప్పుడూ అంతే.

నల్లమ్మ సున్నం కొట్టే మనిషి. మా అంగడికి ఎదురుగా పోతుంటే ముందు నిచ్చెన కనబడేది, తర్వాత మనిషి కనబడేది. పొట్టిది, బక్కది, నోరు మాత్రం ఊరంత. మొగుడు కోలారు గనులకని పోయి తిరిగి రాలేదు. ఎవరైనా జాలిగా అడిగితే, "వానికి బంగారం దొరికినాది, నాకు నెమ్మది దొరికినాది, ఇద్దురం బాగుండాం, నీకేమప్పా?" అనేది. మోచేతుల దాకా ఎప్పుడు చూసినా సున్నమే. అన్నం తినేటప్పుడు చేతులు కడుక్కునేది, కడుక్కున్నా తెల్లగానే ఉండేవి. సున్నం చర్మాన్ని తినేస్తుందని మా అంగట్లో ఆముదం పోయించుకుని చేతులకు రాసుకునేది. ఆమెకు సున్నపురాళ్లు, ఎర్రమన్ను, ఆముదం ఇచ్చేది నేనే కాబట్టి ఆమె సంగతులు ఊళ్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు అనుకునేవాణ్ణి.

వాళ్లమ్మ బయమ్మకు నడివయసులో తొన్ను, అదే బొల్లి, వచ్చింది. మొదట పెదవుల చివర్లు తెల్లబడ్డాయి, తర్వాత కళ్ల చుట్టూ, తర్వాత వేళ్ల కొసలు. నొప్పి లేదు, దురద లేదు, ఎవరికీ అంటుకునేది కాదు. మా ఊరికి అదంతా ఎందుకు? బయమ్మను పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. ఆమె సున్నం కొట్టిన గోడకు ఆనుకోవడం మానేశారు. ఆమె తల దువ్వేవాళ్లు కూడా నల్లమ్మ తప్ప ఎవరూ లేరు. రోజూ పొద్దున గుడిసె ముందర కూతురు తల్లికి తల దువ్వి, మొహం తుడిచి, బొట్టు పెట్టేది. దారిన పోయేవాళ్లు మొహాలు తిప్పుకుని పోయేవాళ్లు. వాళ్లంతా మళ్లీ ఏకాదశికి ఉపవాసాలుండే మంచివాళ్లే.

బయమ్మ పంతొమ్మిది వందల యాభైలో పోయింది. వంక గట్టున తుమ్మచెట్టు కింద పూడ్చారు. ఆ తర్వాత వానలు ఎగ్గొట్టాయి. వేరుశనగ గింజలు మట్టిలోనే మాడిపోయాయి. పశువుల్ని తనకల్లు సంతకు తోలి, వచ్చిన కాడికి అమ్ముకొచ్చారు. సర్కారువాళ్లు గంజి కాచి పోశారు. తొలకరి పడితే వజ్రాలు ఏరుకుందామని చేలల్లోకి వచ్చే పరదేశులు కూడా ఆ ఏళ్లలో ఇటు తొంగి చూడలేదు. వజ్రమైనా నేల మీదికి తేలాలంటే వాన పడాలి కదా.

కడుపు కాలినప్పుడు మనిషికి ఎవడో ఒకడు దోషి కావాలి. మా వైపు ఒక నమ్మకం ఉంది. తొన్ను ఉన్న మనిషిని పూడిస్తే భూమి ఆ శవాన్ని ఒప్పుకోదంట, ఆకాశం అలుగుతుందంట, ఆ ఎముకల్ని తవ్వి తీసి కాలిస్తే గానీ వాన రాదంట. ఎవరు చెప్పారని అడగొద్దు. చెప్పినవాడు దొరికితే నేనే వాణ్ణి పూడ్చిపెడదును.

ఈ మాట మొదట ఎత్తినవాడు హనుమంతప్ప. ఊరి పెద్దమనిషి అని పేరు, పెద్దది ఆయన పొట్ట ఒక్కటే. చెరువు కట్ట తెగితే మూడేళ్లు పట్టించుకోనివాడు వాన సంగతి వచ్చేసరికి పెద్దరికం భుజాన వేసుకున్నాడు. నలుగుర్ని వెంటబెట్టుకుని బంగళాకు పోయాడు. అక్కడ శ్రీరంగప్ప కొడుకు కదిరప్ప ఉండేవాడు. అందరూ చిన్నదొర అనేవాళ్లు. ఆయన చేసే పని పేకాట, చూసే పని మీసం. ఏలడానికి ఏమీ మిగలకపోయినా ఎవడో ఒకడు వచ్చి "దొరా, ఏం చేద్దాం" అని అడిగితే ఆయనకు ఆ రోజు అన్నం సయించేది.

నల్లమ్మను పిలిపించారు. నేను ఎర్రమన్ను, నీలం ఇవ్వడానికి అప్పుడే పోయి ఉన్నాను, అందుకని చెవులారా విన్నాను.

"నల్లమ్మా, మీ యమ్మ గోరీ తవ్వాల," అన్నాడు హనుమంతప్ప. "ఊరు ఎండిపోతాండాది."

ఎవరి ముందరా తగ్గని నల్లమ్మ వసారా కింద మోకాళ్ల మీద కూర్చుంది. "సామీ, బతికినన్నాళ్లు ఆయమ్మను మనిషిగా చూసినోళ్లు లేరు. సచ్చినాకైనా పండుకోనీండి. నా తల్లిని మళ్లా బయటికి తీసి నలుగుర్లో పెట్టొద్దండి. కావాల్నంటే నన్ను ఊరిడిచి పొమ్మనండి, పోతా."

చిన్నదొర పేకముక్కలు కింద పెట్టను కూడా పెట్టలేదు. "ఏమే, రెండు ఎముకలు తీసి కాల్చేదానికి ఇంత ఏడుపెందుకే? ఊరు ముఖ్యమా, నీ ముసిల్ది ముఖ్యమా? తొన్ను పీనిగె భూమిలో ఉండగూడదు. ఎవుర్దైనా సరే."

ఆ చివరి మాట ఆయన నోట్లోంచి బాగా దర్జాగా వచ్చింది. నల్లమ్మ తలెత్తి ఆయన మొహం వైపు చూసింది. "ఎవుర్దైనా సరేనా దొరా?" అంది.

"నేను ఒగ మాటే చెప్తా. ఎవుర్దైనా సరే," అన్నాడు చిన్నదొర. చుట్టూ ఉన్నవాళ్లు న్యాయం విని తలలూపారు.

పండగ ముందర శవాలు తవ్వడం మంచిది కాదని, దసరా పోయాక అమావాస్యనాడు తవ్వుదామని నిర్ణయించుకున్నారు. అంతవరకు తల్లి ఎముకలకు గడువు. నల్లమ్మ లేచి పోతుంటే చిన్నదొర ఒక మాట అన్నాడు చూడండి, ఆ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "పనిలో పనిగా నాయన బొమ్మకు రంగు కొట్టిపో. మొగం బాగా ఎర్రగా రావాల."

తల్లి గోరీ తవ్వుతామని చెప్పి, అదే నోటితో తండ్రి మొహానికి రంగు వెయ్యమన్నాడు. దొరబిడ్డ అనిపించుకున్నాడు.

నల్లమ్మ మర్నాడు పట్టపగలు, అందరి కళ్ల ముందరే నిచ్చెన వేసుకుని పైకెక్కింది. గుర్రానికి సున్నం కొట్టింది, కోటుకు నీలం వేసింది. మొహం దగ్గర మాత్రం చాలాసేపు ఉంది. నేను మిగిలిన నీలం తీసుకుపోదామని వెళ్లినప్పుడు చూస్తే, కుంచె పక్కన పెట్టి వేలితో ఏదో రాస్తోంది. నిచ్చెన మెట్టుకు ఆముదం గిన్నె వేలాడదీసి ఉంది. చేతులకు రాసుకుంటోందనుకున్నాను. దొర పెదవి చివర ఒకసారి, రెండో చివర ఒకసారి, కళ్ల చుట్టూ మెల్లగా, తర్వాత కత్తి పట్టుకున్న వేళ్ల కొసల మీద ఒక్కొక్కదానికి. చిన్నబిడ్డకు కాటుక దిద్దేటప్పుడు ఉండే శ్రద్ధ ఆమె మొహంలో కనపడింది. ఆ తర్వాత పైనుంచి ఎర్రమన్ను నీళ్లు కొట్టి దిగింది. దొర నున్నగా, ఎర్రగా, నిన్న పెళ్లయినవాడిలా తయారయ్యాడు. చిన్నదొర చూసి, బాగుందన్నాడు.

నూనె మీద ఎర్రమన్ను నిలవదు. పట్టినట్టే ఉంటుంది, నాలుగు ఎండలు కాసేసరికి పొక్కు లేచి రాలిపోతుంది. కింద సున్నం బయటపడుతుంది.

ఆయుధపూజనాడు ఊరంతా బొమ్మ ముందర చేరింది. దొర కత్తికి బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టడం వాళ్ల ఆనవాయితీ. ఒక్కనాడూ ఎవరినీ పొడవని కత్తి అది, అయినా పూజ జరగాల్సిందే. హనుమంతప్ప దండం పెట్టి తల పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ఏమప్పా," అన్నాడు పక్కవాడితో, "దొర మూతి పక్కన ఏమది?"

అందరూ చూశారు. పెదవుల చివర్లు తెల్లగా ఉన్నాయి. కళ్ల చుట్టూ తెల్లగా ఉంది. వేళ్ల కొసలు తెల్లగా ఉన్నాయి. గుమ్మడికాయ పట్టుకున్నవాడు దాన్ని అక్కడే పెట్టేసి వెనక్కు జరిగాడు. నల్లమ్మ జనం వెనకాల నిలబడి ఉంది. ఆమె నోరు మెదపలేదు. మెదపాల్సిన పని లేదు, మా ఊరికి నోళ్లు తక్కువా?

"ఎండాకాలంలో గూడా ఆయప్ప నిండు కోటు, మేజోళ్లు ఎందుకేసుకుంటాండె?" అన్నారొకరు.

"మంగలోన్ని గూడా గదిలోకి ఒగన్నే పిలిపించుకుంటాండె," అన్నారింకొకరు.

"మా యవ్వ సూసినాదంట," అన్నాడు మూడోవాడు. వాళ్లవ్వ దొర పుట్టకముందే పోయింది.

పొద్దు నడినెత్తికి వచ్చేలోపల శ్రీరంగప్ప దొరకు పుట్టుకతోనే తొన్ను ఉండేదని తేలిపోయింది. బతికున్నప్పుడు ఆయన నీడ తొక్కడానికి భయపడ్డవాళ్లు ఆయన ఒంటిమీద మచ్చల్ని ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నారు. గారబొమ్మ మీద రంగు లేస్తే లోపలి మనిషికి రోగం ఉన్నట్టేనని నమ్మడానికి ఎట్లాంటి బుర్ర ఉండాలో, అట్లాంటి బుర్రలు మా ఊళ్లో గంపలకొద్దీ ఉన్నాయి. ఇన్నాళ్లూ నల్లమ్మ తల్లిని తవ్వడానికి ఆ బుర్రలే సిద్ధపడ్డాయి. ఈసారి అవి ఆమెకు పనికొచ్చాయి.

గడ్డపారలు తెచ్చారు. చిన్నదొర పరుగున వచ్చాడు. జన్మలో ఆయన పరుగెత్తింది అదొక్కసారే అయ్యుంటుంది. "మా నాయనకు తొన్ను లేదు! యాడిదిరా తొన్ను! రంగు లేచింది, అంతే!" అని అరిచాడు. ఆ మాట నిజం. ఆ తోటలో ఆ రోజు నిజం చెప్పినవాడు ఆయనొక్కడే, ఆ నిజాన్ని ఒక్కడూ నమ్మలేదు.

హనుమంతప్ప చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నాడు, "నువ్వే అంటివి కద దొరా, ఎవుర్దైనా సరే అని."

చిన్నదొర గడ్డపారలకు అడ్డం నిలబడ్డాడు. తర్వాత దిగాడు కాళ్లబేరానికి. "ఎముకలు వద్దప్పా. మా నాయన ఎముకలు తియ్యొద్దండి. పండుకోనీండి ఆయన్ని. కావాల్నంటే బొమ్మ పడగొట్టుకోండి. దోసమంతా బొమ్మదే. బొమ్మతో సరిపెట్టండి," అన్నాడు. ఏడ్చాడు కూడా. పండుకోనీండి అన్న మాట నల్లమ్మ అన్నప్పుడు పేకముక్కల చప్పుడులో ఆయనకు వినపడలేదు పాపం.

ఊరు వెంటనే కరిగిపోయింది. దొర ఎముకలు కదా. బొమ్మ పడగొడితే చాలని, ఎముకల జోలికి పోవడం పాపమని హనుమంతప్పే తీర్పిచ్చాడు. బయమ్మ ఎముకల దగ్గర గుర్తురాని పాపం ఇక్కడ గుర్తొచ్చింది.

అప్పుడు నల్లమ్మ జనాన్ని తోసుకుని ముందరికి వచ్చింది. ఈసారి మోకాళ్ల మీద కూర్చోలేదు.

"తవ్వండి," అంది. "దొరను తవ్వండి, మా యమ్మను తవ్వండి. ఇద్దుర్నీ ఒగే కట్టెల మీద కాల్చండి. లేదంటే ఇద్దుర్నీ ఇడిసిపెట్టండి. ఆయప్పకొక నేయం, మా యమ్మకొక నేయం యాడుండాది? చెప్పు సిన్నదొరా. ఊరంతా ఇంటాండాది."

ఒకే కట్టెల మీద అన్న మాట విని చిన్నదొర చెవులు మూసుకున్నాడు. తండ్రి ఎముకలు, బయమ్మ ఎముకలు, ఒకే బూడిద. నేల చూపులు చూస్తూ, "యాడోళ్లు ఆడ ఉండనీండప్పా," అన్నాడు.

"పెద్దగా చెప్పు," అంది నల్లమ్మ.

"ఎవుర్నీ తవ్వొద్దండి. ఎవుర్నైనా సరే," అన్నాడు.

బొమ్మకు తాళ్లు కట్టి లాగారు. ముందు గుర్రం మోకాళ్లు విరిగాయి. దొర కత్తితో సహా ముందుకు పడ్డాడు. తల ఊడి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. వంగి చూశాను. మీసం విరిగిపోయింది. పెదవుల చివర తెలుపు, కళ్ల చుట్టూ తెలుపు. ఎక్కడో చూసిన మొహం. రోజూ పొద్దున గుడిసె ముందర తల దువ్వించుకుంటూ కూర్చున్న మొహం.

మరుసటి వారం నల్లమ్మ సున్నపురాళ్లకు వచ్చినప్పుడు అంగట్లో ఎవరూ లేరు. "నల్లమ్మా, ఏ మచ్చ యాడ పెట్టాలో అంత బాగా ఎట్ల గుర్తు పెట్టుకున్నావు?" అన్నాను.

ఆమె నన్ను అదోలా చూసింది. "మా యమ్మ మొగం నాకు తెలీదా సెట్టీ?" అంది. రాళ్లు గంపలో వేసుకుని పోయింది.

వాన రాలేదు. ఆ అమావాస్యకు రాలేదు, ఆ ఏడాదే రాలేదు. బొమ్మ పడగొడితే రావాల్సింది కదా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. అడిగితే తెలివి ఉన్నట్టు లెక్క కదా. గాడిదలకు పెళ్లి చేశారు, కప్పల్ని ఊరేగించారు, ఎప్పటికో నాలుగు చినుకులు పడితే అవి గాడిదల పుణ్యమన్నారు. గుర్రం మొండెం తోటలో పడి ఉంటే దాని మీద గడ్డపారలు నూరుకునేవాళ్లు. చెప్పులు మాత్రం తోట ముందర ఇంకా విడిచేవాళ్లు. దేనికి విడుస్తున్నారో వాళ్లకే తెలియదు.

నల్లమ్మ అరవై ఆరులో పోయింది. అది కూడా కరువు సంవత్సరమే. బావుల్లో నీళ్లు అడుక్కు చేరాయి, హనుమంతప్ప ముసలివాడయ్యాడు గానీ పెద్దరికం చావలేదు, ఈ ఏడు వాన ఎందుకు రాలేదా అని రచ్చ మీద మళ్లీ లెక్కలు మొదలయ్యాయి. అట్లాంటి రోజుల్లో పోయింది.

పొద్దున్నే పెద్దక్క మా అంగడికి వచ్చింది. నల్లమ్మ పక్కింటి మనిషి, శవానికి నీళ్లు పోస్తున్నది ఆమే. కొంగు నడుముకు బిగించి, రొప్పుతోంది.

"సెట్టప్పా, సున్నం ఇయ్యి. తడిపిన సున్నమే ఇయ్యి. బిర్న ఇయ్యి."

"శవం ఇంట్లో ఉండగా సున్నమెందుకు పెద్దక్కా?"

ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "చేతులు రుద్దినా సెట్టప్పా. కుంకుడుకాయతో రుద్దినా, ఇటిక ముక్కతో రుద్దినా. తెలుపు పోలేదు. మోచేతుల దాకా పోలేదు. అది సున్నం కాదు."

ఇన్నేళ్లు నల్లమ్మ నా అంగట్లో ఆ చేతులు చాచి ఆముదం పోయించుకుంది. ఎన్నాళ్ల నుంచి ఉందో, దొర మొహం మీద ఆముదం రాసిన రోజుకే ఉందో, ఎవరికి తెలుసు? ఆమె సంగతులన్నీ తెలుసనుకున్న నా అంత మొద్దు ఇంకొకడు ఉండడు.

"మొగోళ్లు వచ్చేలోపల పుయ్యాల," అంది పెద్దక్క. "తల్లి పక్కన గుంత తవ్వినారు."

తొట్టిలో నానుతున్న సున్నాన్ని ముంతతో ముంచి ఇచ్చాను. ఆమె కొంగు చాటున పెట్టుకుని పోయింది.

పాడె లేచేటప్పుడు హనుమంతప్ప వచ్చాడు. శవం చేతుల వైపు చూసి, "ఏమే, కడిగినారా లేదా? ఆ సున్నమేంది?" అన్నాడు.

"బతుకంతా సున్నం కొట్టి బతికినాది. ఆ చేతులట్లే పోనీ," అంది పెద్దక్క.

హనుమంతప్ప కళ్లొత్తుకున్నాడు. కష్టజీవి అన్నాడు. తుమ్మచెట్టు కింద బయమ్మ పక్కన గుంతలోకి దించేటప్పుడు, ఆ తెల్లటి చేతుల మీద మొదటి పిడికెడు మట్టి వేసింది కూడా ఆయనే.